పశ్చిమ దిక్పాలకులకు బహిరంగ మనవి

శ్రీ శ్రీ శ్రీ వరుణదేవులవారి దివ్యసముఖమునకు, కట్టల దిగువను కాపురముండు సామాన్యులలో ఒకడు వ్రాసికొనిన విన్నపము.

విషయము: 1889వ సంవత్సరము మే 31వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున సౌత్ ఫోర్క్ మట్టికట్ట తెగిన సందర్భమున ఏలినవారిపై మోపబడిన నేరము.

ఏలినవారికి,

జలములన్నిటికి అధిపతులును, పడమటి దిక్కునకు పాలకులును అగు తమపై, ఆ దిక్కుననే యున్న దేశమున ఒక ఘోరాపరాధము ఆరోపింపబడి, నూటముప్పదియేండ్లు గడచినను తమ పక్షమున సమాధాన మేదియు దాఖలు కాకుండుట చూచి, అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెతను తలచుకొని, ఈ మనవి చేయుచున్నాను. 2,209 మందిని పొట్టనబెట్టుకొన్న ఆ ప్రళయమునకు ఉత్తరవాది యెవ్వరని బాధితులు న్యాయస్థానములకెక్కగా, అది దైవకృత్యమను వాదమే నెగ్గినది. చెరువు యజమానులలో ఒక్కరైనను దమ్మిడీ నష్టపరిహారము చెల్లింపవలసిన అగత్యము లేక చేతులు దులుపుకొని పోయిరి. ముద్దాయిగా దైవమొక్కడే మిగిలెను.

నేరము విచారింపవలెనన్న ముందుగా ఆ కట్ట జాతకము తెలియవలెను. అది విలాసమునకై పుట్టినది కాదు. వేసవిలో నీరు చాలని కాలువలలో సరకు పడవలు నడచుటకై ప్రభుత్వమువారు 1838లో ఆరంభించి, నడుమ ధనాభావముచే ఏండ్ల తరబడి ఆపివైచి, 1853 నాటికి ముగించిన ఆ కట్ట ఎత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. నీటిని వలసినపుడు దింపుటకు అడుగున ఐదు పోతయినుప గొట్టములతో తూమును, వరద తనంతట వెడలిపోవుటకు ప్రక్కన కొండను తొలిచిన అలుగును అమర్చిరి. పని ముగియునప్పటికే రైలుదారి వచ్చి కాలువల ప్రయోజనము నపహరింపగా, చెరువు 1857లో రైల్వే కంపెనీ పాలై, 1862లో గండిపడి, చాలకాలము దిక్కులేనిదై పడియుండెను. 1875లో దానిని కొన్న కాంగ్రెసు సభ్యుడు జాన్ రైలీ ఆ ఐదు గొట్టములను పెఱికించి పాతయినుముగా అమ్ముకొని, మిగిలిన దానిని 1879లో బెంజమిన్ రఫ్ అను కాంట్రాక్టరునకు విక్రయించెను. రఫ్ గారు గండిని రాళ్లతోను, మట్టితోను, చెట్టుకొమ్మలతోను, ఎండుగడ్డితోను, గుఱ్ఱపు లద్దెతోను పూడ్పించి, తూము ఊసెత్తక, పిట్స్‌బర్గు నగర కుబేరులకు వేసవి విడిదిగా సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్బును వెలయించిరి. ఉక్కునకు కార్నెగీ, బొగ్గునకు ఫ్రిక్, ధనాగారమునకు మెలన్ వంటి మహనీయులు దాని సభ్యులు. రెండు మైళ్ల పొడవున నిండిన ఆ సరస్సులో చిన్న ఆవిరి పడవలు విహరించుచుండెను. దూరమునుండి తెప్పించి పెంచిన బాస్ చేపలు సభ్యుల గాలములకై నిరీక్షించుచుండెను. పదునాలుగు మైళ్ల దిగువను, నాలుగువందల యేబది అడుగుల పల్లమున, జాన్స్‌టౌను పట్టణమువారు ఇనుప కార్ఖానాలలో చెమటోడ్చుచుండిరి.

ఇక ఏలినవారిని కొన్ని ప్రశ్న లడుగుటకు సెలవు వేడుచున్నాను. తూము గొట్టములను తాము పెఱికించి అమ్ముకొంటిరా? కుబేరుల గుఱ్ఱపుబండ్లు రెండు ఎదురెదురుగా ఒరసికొనక సాగుటకై కట్ట శిరస్సును చెక్కించి కొన్ని అడుగులు తగ్గించినది తామేనా? వెలపెట్టి కొన్న చేపలు వరదనీటితో జాఱిపోవునేమో యని అలుగునకు అడ్డముగా ఇనుప జల్లెడలు బిగింపుమని తాము ఆనతిచ్చితిరా? 1880లో జాన్స్‌టౌను ఇనుప కంపెనీ అధిపతి డేనియల్ మొరెల్ భయపడి పంపిన జాన్ ఫుల్టన్ అను ఇంజనీరు, ఈ కట్టకు నీరు దింపు సాధనము లేదు, మరమ్మతునకు వీలు లేదు, పైగా అడుగున ఊట కాఱుచున్నది అని వ్రాయగా, మావలన మీకు భయము లేదని ప్రత్యుత్తర మిచ్చినది తామా, రఫ్ గారా? మరమ్మతు ఖర్చులో భాగము తానిత్తునన్న మొరెల్, ఆ మాట త్రోసివేయబడిన పిమ్మట, కట్టపై కన్నేసి యుండుటకు తానే క్లబ్బు సభ్యత్వము కొనుక్కొనెను. ఆయన 1885లో మరణించుటతో ఆ కన్నును మూతపడెను.

ఊట కాఱు కట్ట దోషభూయిష్టమని గ్రహించుటకు పాశ్చాత్య విద్య యేమియు అక్కఱలేదు. మా కడప మండలమున పోరుమామిళ్ల చెరువును గూర్చిన 1369 నాటి శాసనము తటాకమునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను పేర్కొని, కట్టనుండి నీరు కాఱుటను ఆ దోషములలో లెక్కించినది. అంతకు పూర్వమే అర్థశాస్త్రము వరదను దైవపీడనములలో చేర్చిన మాట నిజమే. కాని నీరు నిలిచిన కట్టను తెగగొట్టిన వానిని ఆ నీటనే ముంచవలెనని విధించినదియు ఆ శాస్త్రమే. వాన దేవునిది, కట్ట మనిషిది అను పంపకము మా పూర్వులకు తేటతెల్లము. న్యాయవాదులకు వేలకు వేలు చెల్లింపగల వారికే అది అయోమయమయ్యెను.

ఏలినవారి వంతు నేరమును దాచుట నా యభిమతము కాదు. మే 30వ తేదీ రాత్రినుండి ఆ కొండలలో ఒక్కదినమున ఆఱు మొదలు పది అంగుళముల వఱకు వర్షించితిరని అంచనా. అది ఆ సీమవారు ఎన్నడు నెఱుగని అతివృష్టి. మఱునాడు తెల్లవాఱునప్పటికి సరస్సు పొంగి కట్ట అంచునకు ఎగబ్రాకుచుండగా, క్లబ్బు అధ్యక్షుడు ఎలియాస్ అంగర్ కూలీలచేత కట్టపై మట్టి పోయించెను, వేఱొక అలుగును త్రవ్వింప జూచెను. కొట్టుకొనివచ్చిన చెట్టు చెత్తయంతయు చేపల జల్లెడకు పట్టి, ఉన్న అలుగు మూసికొనిపోయెను. జాన్ పార్క్ అను యువ ఇంజనీరు గుఱ్ఱమెక్కి సమీపగ్రామమునకు పోయి హెచ్చరిక పంపించెను గాని, ఏటేటా కట్ట తెగునను పుకారు విని విసిగిన దిగువవారు దానిని పెద్దగా పట్టించుకొనలేదు. మధ్యాహ్నము మూడుగంటల ప్రాంతమున కట్ట తెగినది. రెండుకోట్ల టన్నుల నీరు లోయలోని ఊళ్లను, చెట్లను, రైలింజనులను దొర్లించుకొని ఒక గంటలో జాన్స్‌టౌనుపై బడినది. రాతివంతెన యొద్ద గుట్టపడిన శిథిలములకు నిప్పంటుకొని, నీటిలో చావని వారిని కొందఱిని అగ్ని కబళించినది. గుర్తింపరాని 777 శవములను గ్రాండ్‌వ్యూ శ్మశానమున పూడ్చిరి.

ఆ పిమ్మట 1891లో ప్రకటితమైన అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘ నివేదిక, కట్ట పూర్వరూపముననే యున్నను ఆ వానకు తెగియుండెడిదేయని తేల్చి, ఏలినవారి మెడకు ఉచ్చును మఱికొంత బిగించెను. ఒక శతాబ్దమునకు పైగా ఆ మాట చెల్లినది. 2016లో భూవిజ్ఞానులు లెక్కలు తిరిగివేసి, క్లబ్బువారి మార్పులు వరదను వెడలించు శక్తిని దాదాపు సగమునకు దించినవనియు, మొదట కట్టిన రీతిని ఉంచియున్నచో కట్ట నిలిచియుండెడిదనియు నిరూపించిరి. తీర్పు మారుటకు కాలదోషము పట్టినది కాని, అపవాదు తొలగుటకు పట్టలేదు.

కావున ఏలినవారు దయయుంచి ఒక ఉత్తరువు వెలువరింప ప్రార్థన: ఇకముందు ఏ దేశమున ఏ కట్ట తెగినను, దానిపై తమ పేరు వ్రాయదలచిన వారు, తూము ఏ స్థితిలో నున్నదో, అలుగునకు అడ్డము పెట్టినదెవరో, కట్ట తల నఱకినది ఎవరి బండ్లకొఱకో, దిగువనుండి వచ్చిన హెచ్చరికకు తామేమి ప్రత్యుత్తర మిచ్చిరో తెలుపు కాగితములను ముందుగా దాఖలు చేయవలెను. అవి సాంతము పరిశీలించిన మీదట ఏలినవారు నేర మొప్పికొనదలచినచో మాకు అభ్యంతరము లేదు.

ఇట్లు,
తమ వానలను కోరువాడును, పెద్దలు కాచు కట్టలకు భయపడువాడును అగు
పల్లపు నివాసి