నల్ల మొగపు వాచీ: టీకా తాత్పర్యసహితం

ఆ. నల్ల మొగము వాచి నాదన్న తలపున
నిదుర మాని వేలు నిలిపి వేచి
గడువు తీరు వేళ కడనెవ్వడో పాడ
గుండె నడుచు, వాచి గూట నాగు

అవతారిక: నాయకుడు ఆన్‌లైన్ వేలంలో పాత హెచ్‌ఎంటీ పైలట్ వాచీని చూసినాడు. ఇల్లంతా నిద్రపోయినది. ఫోను వెలుగు మొహాన పడుచుండగా తనలో తాననుకొన్న పద్యమిది.

ప్రతిపదార్థం: నల్ల మొగము వాచి = నల్ల డయలు గల గడియారము; నాదన్న తలపున = అప్పుడే తనదైనట్టు (పైసా కట్టలేదని గ్రహించునది); నిదుర మాని = తెల్లారితే ఆఫీసున్నదని తెలిసియు; వేలు నిలిపి = బొటనవేలిని తెరకు తాకీ తాకకుండా ఆపి; వేచి = కాచుకొనగా; గడువు తీరు వేళ = సెకన్లు మాత్రమే మిగిలినప్పుడు; కడన్ = ఆఖరున; ఎవ్వడో = ముక్కూ మొహం తెలియనివాడు; పాడ = పాట పెంచగా; గుండె నడుచు = దడదడలాడును; వాచి = సదరు గడియారము; గూటన్ = అమ్మేవాడి అలమరలో; ఆగు = కీ ఇచ్చే దిక్కులేక నిలిచియుండును.

తాత్పర్యం: కొనక ముందే నాయకుడికి నిద్ర పోయినదని భావం.

విశేషాలు: ‘మొగము వాచి’ అన్నచోట శ్లేష. వాచీ కోసం మొహం వాచినవాడు నాయకుడే. పైలట్‌కే ఎందుకు వాచవలె? 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. పొద్దున్నే కీ ఇచ్చి చేతికి పెట్టుకొనుటే తప్ప వాటిని ఎవరూ మోహించలేదు. 2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయ నిర్ణయించినది. ఇక దొరకదన్నాక మోహం పుట్టుట లోకసహజం.

మోహం వెంటే శంక. మార్కెట్లో మళ్ళీ రంగేసిన డయళ్ళు కొల్లలు. కనుక నాయకుడు ఫొటోను రెండువేళ్ళతో లాగి పెద్దది చేసి, ‘17 జ్యుయల్స్’ అన్న అక్షరాలు తిన్నగా ఉన్నవా, అంకెల అంచులు అలికినట్టున్నవా అని చూచును. గీతలుంటే బేరానికి బాధ. లేకుంటే మరీ బాధ: నలభై ఏళ్ళ వాచీకి నిన్నటి మెరుపెట్లు వచ్చెను?

‘ఎవ్వడో’ ఈ పద్యానికి ప్రాణం. ఇక్కడ పూర్వపక్షం: ఇయ్యగల గరిష్ఠ ధర ఒక్కసారే రాసి పడుకోరాదా? విలియం విక్రీ 1961లోనే ఈ లెక్క తేల్చినాడు. 1996లో నోబెల్ కూడా పొందినాడు. గెలిచినవాడు రెండోవాడి ధర మాత్రమే చెల్లించు వేలంలో మనసులోని విలువ ఉన్నదున్నట్టు చెప్పుటే లాభం. ఆన్‌లైన్‌లో మన తరఫున సైటే పాడు పద్ధతి ఇంచుమించు ఇట్టిదే.

సిద్ధాంతం: లెక్క సరియే, నాయకుడే సరికాడు. అన్నం తినేటప్పుడు అతని మనసులోని విలువ నాలుగు వేలు. ఎవ్వడో నాలుగు వేల వంద అనగానే అది అయిదు వేలైనది. వాచీ అదే, గీతలవే. అవతలివాడికి తనకు తెలియనిదేదో తెలిసియుండునని గౌరవం, వాడికి దక్కరాదని కక్ష, రెండూ ఒక్క క్షణంలో పుట్టినవి. అంతదాకా శృంగారం, ఆపై రౌద్రం. ఆ ఎవ్వడో కూడా ఇంకో ఊళ్ళో ఇట్లే మేలుకొని యితని గురించే పళ్ళు కొరుకుచుండునని కవి చెప్పలేదు గాని, మనం ఊహించుకొనవలె.

పెద్దింటి దృష్టాంతం: నటుడు పాల్ న్యూమన్‌కు భార్య జోఆన్ వుడ్‌వర్డ్ ‘జాగ్రత్తగా నడుపు’ అను అర్థం వచ్చునట్టు వెనుక చెక్కించి ఇచ్చిన రోలెక్స్ డేటోనా. 2017 అక్టోబరు 26న న్యూయార్కులో ఫిలిప్స్ వారి వేలంలో దాని తొలిపాటే కోటి డాలర్లు! జాగ్రత్త అను మాటను అక్కడెవ్వరూ చదివినట్టు లేదు. సుత్తి 1.55 కోట్ల వద్ద పడినది. వేలంవారి రుసుముతో కలిపి 1.77 కోట్లు దాటినది. పాటకు పైన రుసుమొకటుండునని మన నాయకుడు సైతం గెలిచిన పిమ్మటనే చదువును.

‘గూట నాగు’ అని విడదీసి, గూట్లో పాము కలదని చెప్పినవారున్నారు. వ్యాకరణరీత్యా తోసిపుచ్చలేము. నాయకుని భార్య ఈ పాఠాన్నే మెచ్చును.

అలంకారం అసంగతి. కీ ఒకచోట లేదు, పరుగు మరొకచోట.

ఫలశ్రుతి: ఈ పద్యమును గడువుకు ముందు మూడుసార్లు పఠించినవారికి తెర అడుగున ‘ఇటువంటివే మరికొన్ని’ అని తెల్ల మొగపు వాచీ ఒకటి కనబడును.