అద్దె పెంచుతానన్న ఓనరుతో నెగ్గుకురావడం ఎలా?

అద్దె పెంచే సంగతి ఏ ఓనరూ ఇంట్లోకొచ్చి కూర్చుని చెప్పడు. మోటరు ఆపడానికి మీరు కిందికి దిగినప్పుడో, చెత్త ఆటో పాట వినపడి బకెట్టు పట్టుకుని పరుగెత్తినప్పుడో మెట్ల దగ్గర ఆపి చెబుతాడు. "వచ్చే నెల్నుంచి ఇరవై ఒకటి చేద్దాం బాబూ, అందరూ అంతే తీసుకుంటున్నారు."

ఇక అక్కణ్నుంచి మీకు దిక్కు ఈ చిట్కాలే. హైదరాబాదులో మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కిరాయిదారులు ఏటేటా ఆచరిస్తూ వస్తున్నవే ఇవన్నీ. వీటికి మూలసూత్రం ఒకటుంది: ఓనరుతో ఏదైనా మాట్లాడండి, అంకెలు మాత్రం మాట్లాడకండి. అంకెల్లోకి దిగితే బేరం పావుగంటలో తెగిపోతుంది. అంత తొందరగా తెగిపోతే పౌరుషం ఎప్పుడు చూపిస్తారు?

అర్థం కావడానికి ఒక ఇల్లు అనుకుందాం. రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్. ఇప్పటిదాకా అద్దె 18,000. ఓనరు అడుగుతున్నది 21,000.

1. ముందు మాట తూలండి, తర్వాత ఇల్లు వెతకండి

"రెండ్రోజుల్లో చెప్తానండీ" అనడం పిరికివాళ్ల పద్ధతి. ఆ రెండ్రోజుల్లో వాళ్లు వీధిలో ఉన్న టులెట్ బోర్డులన్నిటికీ ఫోన్లు చేసి, అద్దెలు కనుక్కుని, ఇంట్లో మాట్లాడుకుని మరీ వస్తారు. మీరు అలా కాదు. చేతిలో బకెట్టు కింద పెట్టకముందే "అయితే ఖాళీ చేసేస్తాం అంకుల్" అనేయాలి. పెంట్‌హౌస్ వాళ్లకు కూడా వినపడాలి.

సాయంత్రానికి గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. రాత్రి మీరు భోంచేస్తుంటే వాచ్‌మన్ ఎవరో దంపతుల్ని వెంటబెట్టుకొచ్చి మీ వంటిల్లు చూపిస్తాడు. పొయ్యి ఏ దిక్కుకుందో, వాస్తుకు సరిపోతుందో లేదో వాళ్లు మీ ముందే తేల్చుకుంటారు. ఇల్లు వెతకడం అప్పుడు మొదలుపెట్టండి. మొహంలో ఆ తొందర చూస్తే చాలు, బ్రోకరు కమీషనూ తగ్గించడు, కొత్త ఓనరు అద్దే తగ్గించడు.

2. అగ్రిమెంటును బీరువాలోంచి తీయకండి

ఇంట్లో ఎక్కడో పదకొండు నెలల అగ్రిమెంటు ఉంటుంది. గడువు ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలంటుంది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలపాఠం. 1999 నాటి రాష్ట్ర సవరణ ఏ లీజునూ వదల్లేదు, పాత అలవాటు మాత్రం పోలేదు. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎందుకని గడువులో ఒక నెల కోసేసి, జిరాక్స్ షాపులో స్టాంపు పేపరు మీద కొట్టించుకున్న రెండు పేజీలవి. పేర్లూ అంకెలూ తప్ప మిగతాదంతా అంతకుముందు ఇంకెవరికో కొట్టిచ్చిందే. మీరూ చదవలేదు, ఓనరూ చదవలేదు.

చదివితే ఏ ఆరో క్లాజులోనో "గడువు పొడిగించినచో అద్దె ఐదు శాతము పెంచబడును" అని కనపడొచ్చు. 18,000 మీద ఐదు శాతమంటే 900. "మనం రాసుకున్న ప్రకారం 18,900 అవుతుంది అంకుల్" అన్నారనుకోండి, మిగతా 2,100 దేనికో చెప్పుకోవాల్సిన బాధ్యత ఆయన మీద పడుతుంది. పెద్దమనిషిని అలా ఇరుకున పెట్టడం మర్యాదేనా? కాగితం పట్టుచీరల కిందే ఉండనివ్వండి.

3. వరస కలిపి కష్టం చెప్పుకోండి

అంకుల్‌తో కాకపోతే ఆంటీతో మాట్లాడాలి. ఇలా సాగుతుంది:

"ఆంటీ, నేను మీ కోడల్లాంటిదాన్ని కదా..."

"అందుకేనమ్మా నీకు మూడు వేలు చెప్పాను. బయటివాళ్లయితే ఐదు చెప్పేదాన్ని."

"ఈసారి మా ఆయనకు జీతం కూడా పెరగలేదాంటీ."

"మీ ఆయనకు జీతమైనా ఉందమ్మా, మీ అంకుల్‌కి పెన్షనే లేదు. ఇంటి పన్ను కట్టాం. మోటరు కాలిపోతే వైండింగ్ చేయించాం. మావాడు డాలస్‌లో వీసా కోసం నానా అవస్థ పడుతున్నాడు. నా మోకాళ్లు చూడు."

కష్టాల పోటీలో ఆంటీదే పైచేయి. ఆవిడ మీకన్నా పాతికేళ్లు ముందు మొదలుపెట్టింది. కాసేపటికి ఆవిడ కళ్లొత్తుకుంటూ ఉంటుంది, మీరు టీ కలిపి ఇస్తుంటారు. ఈలోగా 21,000కి ఒప్పుకునే ఉంటారు.

ఇక్కడొక జాగ్రత్త. "మూడేళ్లలో ఒక్క నెలైనా ఐదో తారీఖు దాటిందా? ఒక్క గొడవైనా వచ్చిందా?" అని పొరపాటున కూడా అడగొద్దు. కొత్తగా దిగేవాడు అద్దె సరిగ్గా కడతాడో లేదో ఓనరుకు తెలియదు. మీరు కడతారని తెలుసు. ఆయన దృష్టిలో మీకున్న విలువ అదే. దాన్ని గుర్తుచేసి ఆయన్ను కంగారు పెట్టకండి.

4. పోల్చేటప్పుడు దూరం చూడండి

మీ బిల్డింగులోనే మూడో అంతస్తులో అదే సైజు పోర్షన్‌లో ఎంత కడుతున్నారో అడగడం చిన్నతనం. అడిగితే 19,000 అని తేలిపోయి, ఆ అంకె ఓనరు నోరు కట్టేస్తుంది. దానికి బదులు మీ ఊరితో పోల్చండి. "మా తణుకులో ఈ డబ్బుకి మేడ మొత్తం వస్తుందండీ." ఆయన వెంటనే కోకాపేటతో పోలుస్తాడు. తణుక్కీ కోకాపేటకీ మధ్య అర్ధరాత్రి దాకా తిరగొచ్చు, మీ వీధిలోకి మాత్రం రాకుండా.

5. ఫిర్యాదులన్నీ దాచుకుని ఒక్కరోజే బయటపెట్టండి

బాత్‌రూమ్ గోడ చెమ్మ పట్టిందా? చెప్పకండి. బోరు నీళ్లకు గీజరు పాడైందా? చెప్పకండి. వర్షాకాలం కిటికీలోంచి నీళ్లొస్తుంటే పాత దుప్పటి అడ్డం పెట్టుకోండి. ఆవకాయ ఊరబెట్టినట్టు వీటన్నిటినీ ఊరబెట్టి, అద్దె పెంపు మాట వచ్చిన రోజున ఒక్కసారిగా మూత తీయండి. "ఇన్నాళ్లూ లేని చెమ్మ ఇవాళే వచ్చిందా?" అంటాడు ఓనరు. న్యాయమైన ప్రశ్న.

ముందే వాట్సాప్‌లో ఫోటో పెట్టి తారీఖుతో సహా చెప్పి ఉంటే చిక్కే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక మాట ఉంది: ఓనరు చేయించాల్సిన రిపేరును, తెలియజేశాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్రిమెంటులో దీనికి విరుద్ధంగా రాసుకుని ఉంటే వేరే సంగతి. ముందు తెలియజేయాలి కాబట్టి, తెలియజేయకపోతే ఈ బాదరబందీ ఏమీ ఉండదు.

6. "కోర్టులో చూసుకుందాం" అనండి

చట్టం గురించి ఎంత తక్కువ తెలిస్తే గొంతు అంత బాగా లేస్తుంది. "రెంట్ కంట్రోల్ చట్టం ఉంది తెలుసా?" అని మొదలుపెట్టండి. ఉంది, 1960 నాటిది. అయితే 2005లో వచ్చిన సవరణ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 మించిన అద్దె ఇళ్లను దాన్నుంచి తప్పించేసింది. 18,000 ఇంటిని అందులోకి లాగాలంటే మీ గొంతు ఒక్కటే చాలదు. ఓనరుకు అల్లుడో మేనల్లుడో వకీలు ఉండే ఉంటాడు, ఈ సంగతి మీ గొంతు తగ్గకముందే ఆయనకు చేరుతుంది.

అప్పుడు వాట్సాప్‌లో వచ్చిన రెండో అస్త్రం తీయండి: 2021 నమూనా అద్దె చట్టం. అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఇంట్లోకి రావాలన్నా 24 గంటల ముందు చెప్పాలి. వినడానికి కమ్మగా ఉంటుంది. కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. ఆ వాక్యం ఫార్వర్డ్ చేసేటప్పుడు ఎవరో కోసేశారు. మీరూ కోసేయండి.

వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. కోర్టు పేరెత్తినవారికి ముందుగా అందే కాగితం తరచుగా ఇదే.

7. ఎండాకాలంలోనే బేరం పెట్టుకోండి

ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఇళ్లు వెతుకుతూ ఉంటుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు కాబట్టి అందరికీ ఈలోపే మారాలని ఆరాటం. టులెట్ బోర్డు పొద్దున కడితే సాయంత్రానికి దిగిపోతుంది. ఓనరు గట్టిగా కూర్చునే కాలం అదే. పంతం పట్టడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఆషాఢంలో మాత్రం వద్దు. శూన్యమాసంలో పాలు పొంగించడానికి ఎవరూ ముందుకు రారు. ఆ నెలలో మీరు ఖాళీ చేస్తే పోర్షన్ శ్రావణం దాకా తాళంతోనే ఉంటుందని ఓనరుకు మీకన్నా బాగా తెలుసు. పుష్యమాసంలోనూ ఇదే తంతు. అలాంటప్పుడు అడిగితే తగ్గిస్తాడు. అడిగితే తగ్గించేవాడి దగ్గర గెలిచి ఏం లాభం?

8. అద్దె ఆపండి, అదే రోజు పాన్ నంబరు అడగండి

నిరసనగా రెండు నెలలు అద్దె కట్టకండి. "అడ్వాన్సులో కోసుకోండి" అనండి. అప్పటిదాకా పెంపు ఎక్కువా కాదా అన్న చర్చ ఉండేది. ఇప్పుడు మీరు అద్దె ఎగ్గొట్టినవారయ్యారు. చర్చకు తెరపడుతుంది, మనశ్శాంతి.

కడితే నగదుగా కట్టండి, రసీదు అడగకండి. ఇంటద్దె అలవెన్సు మినహాయింపు మాత్రం ఆఫీసులో అడగండి. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి, మీది 2,16,000. ఇంట్లో దిగేటప్పుడే అడగాల్సిన ఈ సంగతిని పెంపు గురించి మాట్లాడే రోజుకు అట్టే పెట్టుకోండి. "పాన్ ఇస్తే నాకు పన్ను పడుతుంది, అదీ కలిపి ఇరవై మూడు చెయ్యి" అంటాడాయన. బేరం ముందుకు సాగింది, దిశ మాత్రమే మారింది.

9. ఈ లెక్క మాత్రం చేయకండి

అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాబట్టి వివరంగా చెప్పాల్సి వస్తోంది.

ముందు ఓనరు వైపు. మీరు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే, పాత అద్దె లెక్కన చూసినా ఆయనకు పోయేది 18,000. మీరు 19,500 ఇస్తానన్నారనుకోండి. దానికీ ఆయన అడిగిన 21,000కీ తేడా నెలకు 1,500, ఏడాదికి 18,000. అంటే ఆ 1,500 కోసం మిమ్మల్ని పంపించి, ఇల్లు ఒక్క నెల తాళంతో ఉంచితే, ఏడాదంతా కొత్త కిరాయిదారు దగ్గర వసూలు చేసినా ఆయనకు మిగిలేది సున్నా. ఖాళీ పోర్షన్‌కు మెయింటెనెన్స్ ఆయనే కట్టాలి, అది అదనం.

ఇప్పుడు మీ వైపు. ఖాళీ చేస్తే పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పోతుంది: 18,000. కొత్త ఇంటికి బ్రోకరుకు సగం నెల: 9,000. బండి, కూలీలు, ఏసీ విప్పి మళ్లీ బిగించడం మరో 9,000. మొత్తం 36,000. ఓనరు అడిగిన పెంపు నెలకు 3,000, ఏడాదికి అదే 36,000. పాత అడ్వాన్స్ చేతికి రాకముందే కొత్త అడ్వాన్స్ కట్టడం, పిల్లల బడి బస్సు రూటు మారడం లెక్కలో వేయలేదు.

ఇదంతా క్యాలెండర్ వెనక రాసి ఓనరు ముందు పెడితే, ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగి చూస్తారు. ఆయన 20,000 అంటాడు, మీరు 19,000 అంటారు, 19,500 దగ్గర ఆగుతుంది. "రెండేళ్లదాకా మళ్లీ పెంచొద్దు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ డబ్బులు కోయొద్దు, బాత్‌రూమ్ గోడ బాగుచేయించండి" అని అడిగితే అందులో రెండింటికి తలూపుతాడు కూడా. జేబులోంచి ఈ నెలే తీయక్కర్లేనివాటికి ఓనర్లు తొందరగానే ఒప్పుకుంటారు. చూశారుగా, ఎంత చప్పగా ముగిసిందో.

10. ఒప్పుకున్నాక ఏమీ రాసుకోకండి

"సరేలే, ఏదోటి చూసి వెయ్యి" అని ఓనరు, "అలాగే అంకుల్" అని మీరు. ఇంతకుమించి ఒక్క మాట రాకూడదు. మీ చెవికి 19,500 అనీ, ఆయన చెవికి 20,500 అనీ వినపడుతుంది. "మనం అనుకున్న ప్రకారం జూలై నుంచి 19,500" అని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెడితే, వచ్చే ఏడాది గొడవకు సామగ్రి ఎక్కణ్నుంచి తెస్తారు?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా ఓనరు మంచివాడు. ఐదేళ్లుగా అద్దె పెంచలేదు. ఏం చేయాలి?

జవాబు: ఏమీ చేయకండి. ఆయన కొడుకు ఏదో ఒక సంక్రాంతికి ఊరొచ్చి ఐదేళ్లదీ కలిపి ఒకేసారి పెంచుతాడు. ఏటా కొద్దికొద్దిగా పెంచుకోమని మీరే అని ఉంటే ఆ థ్రిల్ పోయేది.

ప్రశ్న: ఈ చిట్కాలు పాటించి ఖాళీ చేశాం. కొత్త ఇంటి అద్దె 22,000. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: ఎక్కడా జరగలేదు. పాత ఓనరు ముందు తల వంచలేదు కదా. ఆ తృప్తికి నెలకు వెయ్యి ఎక్కువేం కాదు.

ప్రశ్న: నేను ఓనరును. మా కిరాయిదారు అగ్రిమెంటు కాగితం, పక్క పోర్షన్ల అద్దెల పట్టిక, ఖాళీ నెల లెక్క పట్టుకుని ఆషాఢంలో వచ్చి కూర్చున్నాడు. నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నాకు భయంగా ఉంది.

జవాబు: గడువు అడిగి పంపించండి. వెళ్లేటప్పుడు ఈ వ్యాసం చేతిలో పెట్టి, చదువుకోమనండి.