బీ-ఫారం అందని స్పీకర్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి నూకలు చెల్లాయి. పాత లాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కకపోతే కొత్తది కొనుక్కోమని మైక్రోసాఫ్ట్ వారి సలహా. విశాఖ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గరి జిరాక్స్ షాపు యజమాని చెప్పిన మాట వినే రకం, కొనేశాడు. విండోస్ లేని మోడల్ చవకని అదే తెచ్చి లినక్స్ వేయించాడు. పెన్‌డ్రైవ్ చేతిలో ఉంది గదా అని పాతదానికీ వేయించాడు.

పాతది ఘంటసాల పాటలు వినిపిస్తోంది. కొత్తది కిక్కురుమనడం లేదు.

సౌండ్ సెట్టింగ్స్‌లో ‘డమ్మీ ఔట్‌పుట్’ అని ఒకే ఒక్క పేరు. విశాఖ దక్షిణం ఓటరుకి ఇదేం కొత్త కాదు. అసలు అభ్యర్థి నామినేషన్ స్క్రూటినీలో ఎగిరిపోతే బరిలో మనవాడొకడు ఉండాలని తమ్ముడి చేతో బావమరిది చేతో ఇంకో సెట్టు వేయిస్తారే, ఆయనే ఈయన. పాటలన్నీ తన ఖాతాలో వేసుకుంటాడు. ప్లేయర్‌లో గీత కదులుతూనే ఉంటుంది, శబ్దం గాలి దాకా రాదు.

మరి అసలు అభ్యర్థి ఏమయ్యాడు? కొత్త లాప్‌టాప్ మూతలో ఉండే డిజిటల్ మైకు డీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ గుండా పనిచేస్తుంది. దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ఫైలు అందాలి. అదే బీ-ఫారం. అది రాకపోతే మైకుతో పాటు స్పీకర్ నామినేషనూ కొట్టేస్తారు, సౌండ్ కార్డు పేరే జాబితాలో కనపడదు. పాత లాప్‌టాప్‌కి ఈ గొడవ లేదు, ఇండిపెండెంటుగా గెలిచేసింది!

ఇలాంటి ఫారాలను ఇన్‌స్టాలర్‌లోనే పెట్టాలా వద్దా అని డెబియన్ అనే లినక్స్ తయారీవారు 2022లో నిజంగానే ఓటింగ్ పెట్టుకున్నారు. పెట్టాలన్నవారు గెలిచారు, 2023 జూన్‌లో డెబియన్ 12తో అమలైంది. షాపులో పెన్‌డ్రైవ్‌లోదీ డెబియనే, అంతకు ముందుది.

ఇక సంతకం సంగతి. ఈ ఫర్మ్‌వేర్ సోర్సు 2018 నుంచి బహిరంగమే, ఎవరైనా దిద్దొచ్చు. దిద్దిన ప్రతిని మాత్రం మామూలు లాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్ ముట్టుకోదు, కంపెనీ సంతకం ఉంటేనే తీసుకుంటుంది. బీ-ఫారం మీద సిరా సంతకమే ఉండాలి, రబ్బరు స్టాంపు చెల్లదని ఎన్నికల సంఘం అన్నట్టే. జిరాక్స్ షాపాయనకి ఇది మింగుడు పడలేదు.

‘ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్’ ప్యాకేజీ వేసి రీబూట్ చేస్తే అభ్యర్థి బరిలోకొచ్చాడు, నోటికి గుడ్డతో. అల్సామిక్సర్‌లో గడి కింద ‘ఎంఎం’ అని ఉంది. ఎం మీట నొక్కాక గొంతు పెగిలింది.

అంతకుముందు సర్వీస్ సెంటర్‌లో అడిగితే వచ్చిన జవాబు: “లినక్స్‌కి సపోర్ట్ లేదండీ.” నామినేషన్ కొట్టేసిన ఎన్నికల అధికారి కారణం రాసిపెట్టాలని చట్టం. లినక్స్ కెర్నెల్ కూడా ఏ ఫైలు దొరకలేదో లాగ్‌లో పేరుతో సహా రాసింది. అది చదివే ఓపిక పూర్తి సొమ్ము పుచ్చుకున్నవారికి లేదు.

ఘంటసాల పాడకపోయినా జిరాక్స్ షాపు నడుస్తుంది. చూపు లేని విద్యార్థికి నడవదు. ఆర్కా అనే స్క్రీన్ రీడర్ తెర మీది మాటలు చదివి వినిపిస్తేనే అతను లినక్స్ వాడగలడు. శబ్దం పోతే అతనికి తెరే పోయినట్టు, బాగుచేసుకునే సెట్టింగ్ కూడా ఆ తెరలోనే ఉంది. అలాంటివాడికీ ఇదే ముక్క చెప్పి పంపిస్తారా? సిగ్గుండాలి. డబ్బా మీద రెండు స్పీకర్లని గొప్పగా అచ్చేశారు. అవి ఎవరి సంతకం ఉంటే మోగుతాయో కూడా పక్కనే అచ్చేయండి, డబ్బు కట్టకముందే చదువుకుంటాం.