ఒంటి పికప్ సన్యాసం

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో ఒక శాఖ ఉంది. గిటార్‌కు పికప్ ఒక్కటే ఉండాలి, అదీ బ్రిడ్జ్‌ను ఆనుకునే ఉండాలి అన్నది ఆ శాఖ సిద్ధాంతం. రెండో పికప్ వీళ్ల దృష్టిలో విలాసం, మూడోది పతనం. ఈ గొడవ తెలియనివారి కోసం ఒక్క మాట. అయస్కాంతం మీద సన్నని రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడితే అది పికప్. దాని పైన ఉక్కు తీగ కంపించినప్పుడు చుట్టలో విద్యుత్తు పుడుతుంది, యాంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది. తీగల చివరను మోసే బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడ నాదం పదునుగా, గరుకుగా ఉంటుంది. మెడ వైపు ఎక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడ నిండుగా, గుండ్రంగా ఉంటుంది. మామూలు గిటార్లలో రెండు చోట్లా పికప్‌లు ఉంటాయి, ఏది పలకాలో ఎంచుకోవడానికి ఒక స్విచ్ ఉంటుంది. మన శాఖవారికి ఆ స్విచ్ మాయ. మాయను వదిలించుకోవడం మంచిదే. వదిలించినందుకు దుకాణదారుకు ఎదురు డబ్బు కట్టడం దగ్గరే నా పేచీ.

ఈ సిద్ధాంతం పుట్టినచోట తపస్సు కనబడదు, ధరల పట్టిక కనబడుతుంది. గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ గిటార్‌ను బంగారు రంగుతో, రెండు పికప్‌లతో తెచ్చింది. అంత పెట్టలేని విద్యార్థుల కోసం 1954లో లెస్ పాల్ జూనియర్‌ను దింపింది. దాని ధర 99 డాలర్ల 50 సెంట్లు, అంటే అన్నగారి ధరలో సగం కూడా కాదు. అంత చవగ్గా ఇవ్వడానికి వంపు తిరిగిన మేపుల్ పైచెక్క తీసేసి బల్లపరుపు మహోగనీ మిగిల్చారు, సింగారాలు తగ్గించారు, రెండు పికప్‌లలో ఒకదాన్ని ఎత్తేశారు. మరుసటి ఏడాది అలాంటి చెక్కకే రెండో పికప్ తగిలించి, స్పెషల్ అని పేరు పెట్టి, ఎక్కువ ధరకు అమ్మారు. ఫెండర్ కంపెనీ కథా అంతే. 1951 నుంచి టెలికాస్టర్‌కు రెండు పికప్‌లు, దాని చవక తమ్ముడు ఎస్క్వైర్‌కు ఒకటి. ఆనాటి గుమస్తా పద్దులో ఖర్చు తగ్గింపుగా రాసుకున్నది ఈనాటి ప్రకటనలో ఆత్మశుద్ధి అయింది. ఆ విద్యార్థి గిటార్‌కే పాత పద్ధతిలో నకళ్లు తీసి ఇవాళ వేల డాలర్లకు అమ్ముతున్నారు. ఉల్లిపాయ వేయని దోసెకు సాత్విక దోసె అని పేరు పెట్టి పది రూపాయలు ఎక్కువ తీసుకునే హోటలువాడి తెలివి ఇందులో ఉంది.

డబ్బు సంగతి ఎత్తితే భక్తులు నొచ్చుకుని శాస్త్రంలోకి దిగుతారు. మొదటి వాదన చెక్క గురించి. మెడ వైపు పికప్ కోసం గుంట తవ్వలేదు కాబట్టి చెక్క మిగిలింది, మిగిలిన చెక్క మోగుతుంది, ఆ మోత నాదంలోకి వస్తుంది అంటారు. దీనికి జవాబు ఈ శాఖవారు దండం పెట్టే ఎస్క్వైర్‌లోనే ఉంది. ఫెండర్ ఫ్యాక్టరీలో టెలికాస్టర్‌కూ ఎస్క్వైర్‌కూ చెక్క ఒకటే. రెండు రకాలుగా తవ్వడం దండగ కాబట్టి ఎస్క్వైర్‌కు కూడా మెడ వైపు గుంట తవ్వి, పైన పిక్‌గార్డ్ బిగించి కప్పేశారు. డెబ్బై ఏళ్లుగా నిండు చెక్క నాదమని మెచ్చుకుంటున్నది ఆ బొరియ మీది నుంచి వచ్చిందే. అంతకన్నా ఇబ్బందికరమైన విషయం ఇంకొకటి ఉంది. ఎస్క్వైర్‌కు ఉన్నది ఒక్క పికప్పే అయినా దాని మీద మూడు స్థానాల స్విచ్ ఉంది. ఒక స్థానంలో పికప్ నేరుగా పలుకుతుంది, ఒక దానిలో టోన్ నాబ్ గుండా పలుకుతుంది, మూడో దానిలో పదును కోసేసి నెక్ పికప్‌ను, అంటే మెడ వైపు పికప్‌ను, అనుకరించినట్టు మందంగా పలుకుతుంది. ఒక్క గొంతు చాలదని ఆ గిటార్‌ను తయారుచేసినవాళ్లకే తెలుసు. తెలియనిది భక్తులకే.

రెండో వాదనలో కొంత నిజం ఉంది కాబట్టి దాన్ని మర్యాదగా వినాలి. పికప్‌లోని అయస్కాంతం ఉక్కు తీగను లాగుతుంది, ఆ లాగుడుకు కంపనం తొందరగా చచ్చిపోతుంది, మెడ వైపు తీగ బాగా ఊగుతుంది కాబట్టి అక్కడ నష్టం ఎక్కువ, అందుకని అక్కడ పికప్ లేకపోవడమే మేలు అంటారు. లాగుడు ఉన్నమాట నిజమే. స్ట్రాటోకాస్టర్‌లో నెక్ పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా పెడితే పై ఫ్రెట్లలో లావు తీగల శ్రుతి వణుకుతుంది, ఏ స్వరం పలుకుతోందో తీగకే తెలియదు. అయితే అయస్కాంతం పట్టు దూరం పెరిగేకొద్దీ వేగంగా సన్నగిల్లిపోతుంది. పికప్‌ను కిందికి దించడానికి పక్కనే స్క్రూలు ఇచ్చారు. స్క్రూడ్రైవర్‌తో రెండు తిప్పులు తిప్పితే తీరే జబ్బు అది. దానికి మందుగా ఇంకో గిటార్ కొనమనే వైద్యుడు ఏ ఊళ్లోనూ ఉండడు. పైగా గిబ్సన్‌వారి పి-90, హంబకర్ అనే పికప్‌లలో అయస్కాంతాలు తీగలకు ఎదురుగా కాక చుట్టల అడుగున ఉంటాయి. ఈ జబ్బు స్ట్రాటోకాస్టర్‌కు వచ్చినంతగా వాటికి రాదు. గండం తక్కువ ఉన్నచోటే శాంతిహోమాలు ఎక్కువ జరుగుతున్నాయి.

శాస్త్రం చాలకపోతే పురాణం విప్పుతారు. మౌంటెన్ బృందంలో లెస్లీ వెస్ట్ లెస్ పాల్ జూనియర్ మీద వాయించాడు, జానీ క్యాష్ వెనక లూథర్ పెర్కిన్స్ ఎస్క్వైర్ మీద వాయించాడు. అందరికన్నా పెద్ద దేవుడు ఎడ్డీ వాన్ హేలెన్. 1978లో వచ్చిన తొలి ఆల్బమ్‌తో గిటార్ లోకాన్ని తలకిందులు చేసిన అతని గిటార్ పేరు ఫ్రాంకెన్‌స్టీన్. 50 డాలర్ల చెక్కకు 80 డాలర్ల మెడ తగిలించి, పాత గిబ్సన్ నుంచి పీకిన హంబకర్‌ను బ్రిడ్జ్ దగ్గర బిగించి, ఒక్క వాల్యూమ్ నాబ్ పెట్టాడు. ఇది సిద్ధాంతమా? మిగతా వైర్లన్నీ ఎలా కలపాలో తెలియక అలా వదిలేశానని అతనే చెప్పుకున్నాడు. తర్వాత మెడ వైపు పనిచేయని పికప్ ఒకటి, దేనికీ కలపని స్విచ్ ఒకటి అలంకారంగా తగిలించాడు. 2007లో ఫెండర్ కంపెనీ ఆ గిటార్‌కు 300 నకళ్లు తీసి ఒక్కొక్కటి 25,000 డాలర్లకు పెట్టింది. పనిచేయని ఆ పికప్‌నూ, బ్రిడ్జ్ కింద అతను అడ్డం పెట్టిన పావు డాలర్ నాణేన్నీ కూడా భక్తిశ్రద్ధలతో నకలు తీశారు. మరి దేవుడు ఏం చేశాడు? తన పేరు మీద కంపెనీ గిటార్ చేయించుకునే రోజు రాగానే, 1991లో మ్యూజిక్ మ్యాన్ దగ్గరా, 1996లో పీవీ దగ్గరా, రెండేసి పికప్‌లు పెట్టించుకున్నాడు. రెండూ పనిచేసేవే.

ఇక మిగిలింది చివరి వాదన, అన్నిటికన్నా గట్టిది. ఎంపికలు తగ్గితే చెయ్యి పనిచేస్తుంది అంటారు. స్విచ్ లేనివాడు మీటే చోటు మారుస్తాడు, బ్రిడ్జ్ నుంచి మెడ వైపు చెయ్యి జరిపి నాదాన్ని మెత్తబరుస్తాడు, వాల్యూమ్ కొంచెం తగ్గించి యాంప్ గరగరను అణుస్తాడు, టోన్ నాబ్‌తో పదును కోస్తాడు. ఇదంతా అక్షరాలా నిజం. బ్రిడ్జ్ దగ్గర ఒక్క పి-90 పెట్టుకున్న జూనియర్, మంచి చేతిలో పడితే, ఎన్ని రంగులు చూపిస్తుందో విన్నవాళ్లకు తెలుసు. ఆ గిటార్ చెడ్డదని ఎవరైనా అంటే నేనే పోట్లాటకు వెళతాను. కానీ ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ నెక్ పికప్ అడ్డం రాదు. స్విచ్‌ను బ్రిడ్జ్ వైపు తోసి వదిలేస్తే నెక్ పికప్‌కు కరెంటు దారి తెగిపోతుంది, ఏడాది పొడుగునా ఒంటి పికప్ గిటారే చేతిలో ఉంటుంది, పైసా ఖర్చు లేదు. వేదిక మీద చెయ్యి తగిలి స్విచ్ కదులుతుందని భయమైతే దాని మీద టేపు ముక్క అంటించవచ్చు. వీణకు స్విచ్ లేదని ఏ విద్వాంసుడూ గొప్ప చెప్పుకోలేదు, ఉన్న తీగల మీద గమకం పలికించడమే విద్య అనుకున్నారు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లను ఇదివరకు చూశాం. మద్దెలకు ఒక పక్క తోలు పీకేస్తే ఆట దానంతటదే వస్తుందనేవాళ్లు ఇప్పుడు బయల్దేరారు.

నిగ్రహాన్ని ఎవరూ అమ్మలేరు, అది ఎవరికి వారు పాటించవలసింది. అమ్మగలిగేది నిగ్రహం ఆకారంలో ఉన్న వస్తువును మాత్రమే. అందుకే ఈ ప్రచారం గురిపెట్టేది మొదటి గిటార్ కొనే కుర్రవాడిని కాదు. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో కొనే ఒక్క గిటార్‌లో రెండు మూడు గొంతులు ఉండాలని అతను కోరుకుంటాడు, ఆ కోరిక న్యాయమైనది. గురి అంతా ఇంట్లో గోడకు ఇప్పటికే రెండు పికప్‌ల లెస్ పాల్, మూడు పికప్‌ల స్ట్రాటోకాస్టర్ వేలాడుతున్న పెద్దమనిషి మీదే. భోగం ఎక్కువైందని అతనికి చెప్పాలి, విరక్తి పుట్టించాలి, ఆ విరక్తికి ఒక మోడల్ నంబరు ఇవ్వాలి. అతను ఉన్నవాటిలో ఒక్కటీ అమ్మడు, ఒక్క పికప్పూ ఊడదీయడు. కొత్తదాన్ని తెచ్చి వాటి సరసనే తగిలిస్తాడు. నిన్నటిదాకా అయిదు పికప్‌ల సంసారి, సన్యాసం పుచ్చుకున్నాక ఆరు పికప్‌లవాడయ్యాడు.