దుంపల బాబాయిగారు

బెజవాడలో, సత్యనారాయణపురంలోనో పటమటలోనో, డాబా మీద ఖాళీ కుండీలు వరసగా పేర్చి వచ్చినవాళ్లకల్లా చూపించే పెద్దమనిషి తగిలితే ఆయనే. ఏ ఆఫీసులో రిటైరయ్యారో ఎవరికీ గుర్తులేదు. వీధి వీధంతటికీ దుంపల బాబాయిగారు.

గులాబీలు పెంచేవాళ్లు పువ్వు చూపిస్తారు. ఈయన మట్టి చూపిస్తారు. "ఇందులో అమరిల్లిస్ నిద్రపోతోంది. ఎండలు ముదిరేముందు లేస్తుంది. కాస్త మెల్లిగా మాట్లాడండి." కాఫీకని వెళ్లిన మనం ఎండలో నిలబడి ఆ మట్టిని చూసి "ఆహా" అనాలి. అనకపోతే కాఫీ రాదు.

డెల్టా నల్లమట్టి వరికి వరమే గానీ దుంపకు గండం. పట్టిన నీటిని వదలదు, దుంప లోపలే కుళ్లిపోతుంది. అందుకని ఇసుక కలపాలి, గుప్పెడు వేపపిండి వేయాలి. ఇసుకంటే ఈ రోజుల్లో మాటలా? పేటలో ఎవరు ఇల్లు మొదలెట్టినా బాబాయిగారు బకెట్టుతో హాజరు. "ఒక్క బకెట్టే మేస్త్రీ!" ఆ ఒక్క బకెట్టూ శ్లాబు పడేదాకా సాగుతుంది.

కొడుకు చికాగోలో ఉంటాడు. అక్కడ నేల గడ్డకట్టేలోపు డాలియా దుంపలు తవ్వి ఇంట్లో దాచుకోవాలి. ఫోన్లో ఆ ముక్క చెవిన పడిందే తడవు, ఈయనా నవంబరులో గునపం పట్టారు. సంక్రాంతికి కూడా ఫ్యాను ఆపని ఊళ్లో! ఇక్కడ డాలియా పూసేదే చలికాలంలో. పిన్నిగారు నోరు తెరవబోతే "శాస్త్రం" అన్నారు.

తర్వాత తులిప్ మోజు. దానికి మూడు నెలలపాటు గట్టి చలి తగలాలి. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన ఆ చలి ఉచితం. ఇక్కడ ఫ్రిజ్జులో కూరగాయల అర ఖాళీ చేయించాలి. బెండకాయలు బయట వడలిపోయాయి, తులిప్పులు లోపల కాపురం పెట్టాయి. అదే ఊపులో కడిగి ఆరబెట్టిన అమరిల్లిస్ దుంపని పిన్నిగారు పులుసులోకని తరగబోయారు. బాబాయిగారి కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. కేక న్యాయమైనదే. అందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు తప్పవు. ఆయన బాధ మాత్రం దుంప గురించి. అప్పట్నుంచి ప్రతి దుంప మీదా మార్కరుతో "ఉల్లి కాదు" అని రాసి ఉంటుంది.

దండల్లో గుచ్చే లిల్లీనీ వదల్లేదు. పూలకొట్టుకెళ్లి "అమ్మా, శృంగార్ ఉందా?" అని అడిగి చీవాట్లు తిన్నారు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్లు ఒక లిల్లీ రకానికి ఆ పేరు పెట్టారని ఆవిడకేం తెలుసు?

ఇంతా చేస్తే, వాటర్ ట్యాంకు వెనక ఎప్పుడో పారేసిన పగుళ్ల కుండీలో, ఇసుకా శాస్త్రమూ లేకుండా, మేలో నాలుగు చినుకులు పడగానే ఫుట్‌బాల్ లిల్లీ ఎర్రగా బంతంత పూసింది. బాబాయిగారు దాన్ని ఎవరికీ చూపించలేదు.

మీ పెరట్లో అలాంటిది పూస్తే దయచేసి ఆయనకు చెప్పకండి. పిల్లదుంప ఇచ్చేదాకా కదలరు, ఇచ్చాక ఇసుకెంత కలిపారని అడుగుతారు.