స్పీడ్ బ్రేకర్ ఎక్కడానికి రెండంగుళాలు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి పుస్తకంలో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మహీంద్రా వారి పుస్తకంలో థార్ బండి పొట్టకీ నేలకీ మధ్య ఖాళీ 22.6 సెంటీమీటర్లు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒక స్పీడ్ బ్రేకర్ నెత్తిన ఇంకో స్పీడ్ బ్రేకర్ కట్టినా థార్ దాన్ని ముట్టుకోకుండా దాటిపోవాలి. మన కాలనీల్లో బ్రేకర్లు పుస్తకం చూసి కట్టినవి కావు, మిగిలిపోయిన కంకర చూసి కట్టినవి, ఒప్పుకుంటాను. అయినా సరే, షోరూమ్‌లోంచి బయటికొచ్చిన బండిని అటునుంచి అటే యాక్సెసరీస్ షాపుకు తోలి ఇంకో రెండంగుళాలు లేపించుకోవాల్సినంత పర్వతం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకీ మాదాపూర్‌కీ మధ్య ఎక్కడుందో జీహెచ్‌ఎంసీ వారే సెలవియ్యాలి. లేపించుకునేవాళ్ళు మాత్రం లేపించుకుంటూనే ఉన్నారు. కొండ కోసం కాదు, పక్క బండి కోసం. 2020 ఆగస్టు 15న కొత్త థార్‌ను చూపించినప్పుడు అది ఎత్తుగానే కనిపించింది. వీధికి నాలుగు థార్లు వచ్చాక ఆ ఎత్తు మామూలైపోయింది. ఫార్చ్యూనర్ సంగతి చెప్పక్కర్లేదు. కాన్వాయ్‌లో పదో బండిలో కూర్చునే అనుచరుడి బండి నాయకుడి బండి కన్నా పొట్టిగా ఉంటే పరువు తక్కువ, పొడుగ్గా ఉంటే పదవికి ముప్పు.

ఎత్తు మీద నాకు పేచీ లేదు. ఎత్తు కొన్నవాళ్ళు దాంతోపాటు చూసుకోవలసిన అసలు భాగాన్ని ఏం చూసి కొంటున్నారన్నదే పేచీ. ఆ భాగం కంట్రోల్ ఆర్మ్. షెడ్డులో అప్పర్ ఆర్మ్, లోయర్ ఆర్మ్ అంటారు. కళ్ళజోడు కొన్నట్టు కొనాల్సిన వస్తువది: ముందు పరీక్ష, తర్వాత చీటీ, చీటీలోని నంబరుకు అద్దం, ఫ్రేము రంగు ఆఖర్న. మన దగ్గర ఫ్రేము రంగుతో మొదలై అక్కడే ఆగిపోతోంది.

థార్‌కైనా ఫార్చ్యూనర్‌కైనా ముందు చక్రం దగ్గర ఒకదాని మీద ఒకటి రెండు ఆర్మ్‌లుంటాయి. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కింది ఆర్మ్ మీద కూర్చుంటాయి, బరువు మోసేది అదే. పై ఆర్మ్ చక్రం పైభాగం ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబెడుతుంది. రెండూ ఒక చివర చాసిస్ దగ్గర బుష్‌ల మీద, రెండో చివర చక్రం దగ్గర బాల్ జాయింట్ మీద కదులుతాయి. అన్నిటికన్నా చవకైన లిఫ్ట్ అంటే షాక్ నెత్తిన బిగించే ఒక లోహపు ముక్క, స్పేసర్. షాక్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది కాబట్టి అంగుళం స్పేసర్ పెడితే చాలా బండ్లలో చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు లేస్తుంది. కొన్నది ఒకటి, వచ్చింది రెండు. ఇలాంటి బేరం శంకర్‌పల్లి ప్లాట్లలో కూడా దొరకదు. కాకపోతే బండి లేచిందంటే ఆర్మ్‌లు కిందికి వాలాయనే. పై ఆర్మ్ వాలినకొద్దీ దాని చివర లోపలికి జరుగుతుంది, బాల్ జాయింట్ తన మలుపు హద్దుకు దగ్గరపడుతుంది, గుంత దగ్గర చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కొన్ని బండ్లలో ఆర్మ్ వెళ్ళి స్ప్రింగుకు తగులుతుంది. ఇవేవీ పార్కింగులో కనబడవు. కనబడేది ఎత్తొక్కటే, దాని ఫొటో అప్పటికే స్టేటస్‌లో పెట్టేశారు.

ఈ వాలుడులో పోయేవాటిలో ముఖ్యమైనది కాస్టర్. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఒక ఊహా ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ ఇరుసు నిట్టనిలువుగా ఉండదు, పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే కాస్టర్. మలుపు తిరిగాక పట్టు సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం, వంద స్పీడులో బండి గీత గీసినట్టు పోవడం దాని చలవే. లిఫ్ట్ చేసిన చాలా బండ్లలో ఈ వాలు తగ్గుతుంది. సిటీలో నలభై స్పీడులో ఈ సంగతి తెలియదు. పైగా స్టీరింగ్ తేలికైనట్టు అనిపించి, లిఫ్ట్‌తో పాటు పవర్ స్టీరింగ్ కూడా బాగుపడిందని ఓనరు మురిసిపోతాడు. సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కి, సూర్యాపేట దాటాక, పక్కనుంచి ఏసీ బస్సు ఒకటి దూసుకుపోయినప్పుడు తెలుస్తుంది. బండి కుడికి పోదామా ఎడమకు పోదామా అని ఆలోచనలో పడుతుంది. డ్రైవరు దానికి క్షణక్షణం నచ్చజెబుతూ కూర్చుంటాడు. అప్పుడు గాలిని తిడతారు, టైర్లను తిడతారు, నేషనల్ హైవే వాళ్ళను తిడతారు, బస్సు డ్రైవరును సరేసరి. రెండంగుళాలను ఎవరూ తిట్టరు.

దీనికి రుజువు ఒక కాగితం మీద ఉంటుంది. అలైన్‌మెంట్ మెషీన్ ఇచ్చే ప్రింటు. చక్రం నిలబడ్డ తీరు చెప్పే కోణాలు టో, క్యాంబర్, కాస్టర్, ఒక్కోదానికి కంపెనీ పెట్టిన హద్దులు, పక్కన ఇప్పుడున్న అంకె. హద్దులో ఉంటే పచ్చ, దాటితే ఎరుపు. చాలా షాపుల్లో టో ఒక్కటే సరిచేస్తారు, ఎందుకంటే అది టై రాడ్ తిప్పితే వచ్చేస్తుంది. మిగతా రెండూ ఎర్రగా వెలుగుతుంటే "లిఫ్ట్ బండికి అంతే సార్" అంటూ కాగితం మడిచి చేతిలో పెడతారు. సారు కాగితం చూడడు, టైరు మీది తెల్లక్షరాలు చూస్తాడు. నేననేది ఇదొక్కటే: ఆ ఎర్ర అంకే ఆర్మ్ కొనడానికి కారణం, ఆర్మ్ ఎంచుకోవడానికి కొలత కూడా అదే. కాస్టర్ ఎన్ని డిగ్రీలు పోయింది, బండిలో ఉన్న సర్దుబాటుతో ఎంత వెనక్కొచ్చింది, ఇంకెంత మిగిలింది. ఆ మిగిలినది తెచ్చిపెట్టేలా బాల్ జాయింట్‌ను వెనక్కి జరిపి, దాని కోణం మార్చి చేసిన ఆర్మ్ కావాలి. ఎంత జరిపారో డిగ్రీల్లో చెప్పలేని ఆర్మ్, దాని పెట్టె మీద ఏ దేశపు జెండా ఉన్నా, మనకు పనికొస్తుందో లేదో తెలియని ఆర్మే.

షాపులో సంభాషణ దీనికి తిరగేసి నడుస్తుంది. మొదటి ప్రశ్న రంగు. చక్రం వెనక దాక్కుని జీవితమంతా బురద పూసుకునే భాగానికి ఎరుపు పౌడర్ కోటింగా, నీలమా అని కుటుంబసమేతంగా చర్చిస్తారు. రెండో ప్రశ్న, సరుకు ఆస్ట్రేలియాదా థాయ్‌లాండ్‌దా అని. మూడోది, గొంతు కాస్త తగ్గించి, "యూనిబాలేనా?" యూనిబాల్ అంటే ఉక్కు గూడులో ఉక్కు గోళం తిరిగే బేరింగు. మామూలు బాల్ జాయింట్ కన్నా ఎక్కువ కోణం తిరుగుతుంది. ఎడారి రేసు బండ్లలో వాడతారన్నదీ నిజమే. ఆ రేసుల్లో దాన్ని పదే పదే విప్పి చూసి, అరిగితే పారేసి కొత్తది వేస్తారు, దానికి ప్రత్యేకంగా మనుషులుంటారు. చాలా యూనిబాల్స్‌కి మామూలు బాల్ జాయింట్‌కుండే రబ్బరు బూటు, లోపలి గ్రీజు ఉండవు. వానాకాలంలో టోలిచౌకి నీళ్ళలోంచీ, ఎండాకాలంలో వికారాబాద్ ఎర్రమట్టిలోంచీ వెళ్ళే బండికి ఆ నీరూ ఆ దుమ్మూ నేరుగా బేరింగులోకే. కొన్నాళ్ళకు గుంత వచ్చినప్పుడల్లా టక్కుటక్కుమంటుంది. యూనిబాల్ బలమైనది కదా అంటారు. దాన్ని ఎంచుకునేది కోణం కోసం. రెండంగుళాల లిఫ్ట్‌కు కావలసిన కోణాన్ని దానికోసమే చేసిన సీల్డ్ బాల్ జాయింట్ ఇచ్చేస్తుంది, గ్రీజు నిపిల్ ఉన్నదైతే మరీ మంచిది. రాజస్థాన్ ఇసుకలో రేసుకు పేరిచ్చినవాళ్ళకు ఈ మాట వర్తించదు. వాళ్ళెలాగూ ఈ కాలమ్ చదివి కొనరు.

ఆర్మ్ రెండో చివర బుష్‌ది ఇంకో కథ. కంపెనీ బుష్‌లో లోపలొక ఇనుప గొట్టం, బయటొక గొట్టం, రెంటినీ అంటుకుని మధ్యలో రబ్బరు ఉంటాయి. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు ఆ రబ్బరు మెలిపడుతుంది తప్ప జారదు. అందుకే దాని బోల్టుకు చివరి బిగింపు బండి తన బరువుతో నేల మీద నిలబడ్డప్పుడే వెయ్యాలి. ర్యాంపు మీద చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఇంపాక్ట్ గన్‌తో డుర్రుమని బిగించేస్తే, బండి కిందికి దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది, రాత్రి ఇంటి ముందు నిలబడి ఉన్నా సరే. త్వరగా చిరిగిపోతుంది. అప్పుడు ఓనరు "రబ్బరు దండగ, పాలీ బుష్ వేసెయ్యండి" అంటాడు. నేరం గన్‌ది, శిక్ష రబ్బరుకు. పాలీ బుష్‌లో లోపలి గొట్టం తిరుగుతుంది కాబట్టి ఈ మెలిక బాధ లేదు. అయితే దానికి వేళకు గ్రీజు పెట్టాలి, ఎండిపోతే కిర్రుమంటుంది, రోడ్డు మీది ప్రతి గరుకునూ లోపలికి మోసుకొస్తుంది. వెనక సీట్లో అత్తగారు కూర్చునే బండికి నా ఓటు రబ్బరుకే.

ఇక్కడొక గట్టి అభ్యంతరం వస్తుంది. రెండంగుళాలకు ఒరిజినల్ ఆర్మే చాలు, ఎంతమంది తిరగడం లేదు అని. నిజమే, కొన్ని బండ్లకు చాలు. లేపాక కూడా అలైన్‌మెంట్ కాగితం పచ్చగానే వస్తే, చక్రం పూర్తిగా వేలాడదీసినా ఆర్మ్ దేనికీ తగలకపోతే, కొత్త ఆర్మ్ కొనక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి షాక్‌లు కొనుక్కోవచ్చు. ఆర్మ్‌లు అమ్మే షాపు ఈ మాట చచ్చినా చెప్పదు. స్పేసర్లు మాత్రమే అమ్మే షాపు కాగితం చూడకుండానే ఎప్పుడూ ఇదే చెబుతుంది. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చడానికి మళ్ళీ ఆ కాగితమే దిక్కు. ఇక మూడో రకం షాపు ఉంది, ఒరిజినల్ ఆర్మ్‌ను కోసి మధ్యలో ముక్క అతికి "ఇంపోర్టెడ్ దానికన్నా స్ట్రాంగు" అని హామీ ఇచ్చేది. గేట్లకు, ట్రాక్టర్ ట్రాలీలకు వెల్డింగ్ చేసే చెయ్యిని నేను తక్కువ చెయ్యను. కానీ వెల్డు పక్కన వేడి తగిలినచోట ఉక్కు గుణం మారుతుంది, పగులు తరచూ అక్కడే పుడుతుంది, పైన పెయింటు ఉండటంతో కనబడదు. పై ఆర్మ్ విరిగితే చక్రం పైభాగానికి పట్టు పోతుంది, ఆ తర్వాత డ్రైవరు చేతిలో మిగిలేది స్టీరింగ్ చక్రం ఒక్కటే. కొత్తది కొన్నా ఒక ప్రశ్న తప్పదు: బాల్ జాయింటూ బుష్‌లూ విడిగా దొరుకుతాయా? దొరకవంటే, అవి అరిగిన రోజున ఆర్మ్ మొత్తం మళ్ళీ ఓడెక్కి రావాలి.

వెనక సంగతి తేలిక. థార్ వెనకది రిజిడ్ యాక్సిల్, రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు. లిఫ్ట్ చేస్తే బాడీ లేస్తుంది, డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉండి ఎప్పటి రాయికే తగులుతుంది. దాన్ని లేపేది టైరొక్కటే, రెండంగుళాలు పెద్ద టైరు వేస్తే అంగుళం లేస్తుంది. 2023లో మన మార్కెట్‌కొచ్చిన జిమ్నీకి ముందు కూడా రిజిడ్ యాక్సిలే. దాన్ని లేపితే యాక్సిల్ మొత్తం తిరిగి కాస్టర్ పోతుంది, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ దాన్నే ఒక పక్కకు లాగుతుంది. అక్కడ కాస్టర్ సరిచేసే బుష్‌లో, కోణం మార్చిన ఆర్మ్‌లో, పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్డో కావాలి. భాగాలు వేరు, కాగితం అదే.

"నా బండి, నా డబ్బు" అన్న వాదన మిగిలింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. స్పేసర్లు ఒకటి, ఆర్మ్‌లు ఒకటి, టైర్లు ఒకటి అని వేళ్ళు మడిచి లెక్కపెట్టే ఓపికున్న అధికారి తగలనంతకాలం పర్వాలేదు. 2020లో క్రాష్ పరీక్ష చేసి గ్లోబల్ ఎన్‌క్యాప్ థార్‌కిచ్చిన నాలుగు నక్షత్రాలు కూడా కంపెనీ ఎత్తులో ఉన్న బండికే. ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిము రోజున ఎవరి తరఫున సాక్ష్యం చెబుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంత తెలిసీ ఆర్మ్ ఎలా ఎంచుకోవాలో చెప్పడమేమిటని ఎవరైనా అడగొచ్చు. లేపొద్దన్నదే నా మొదటి సలహా. అది విననివాళ్ళ బండ్లు ఇప్పటికే రోడ్డు మీదున్నాయి, వాటికి ఎదురు వచ్చేది మనమే. చట్టం దృష్టిలో సరిచేసిన లిఫ్టూ సరిచేయని లిఫ్టూ రెండూ మార్పులే. ఎదురొచ్చే ఆటోకు మాత్రం వాటి మధ్య తేడా చాలా ఉంది.

కాబట్టి లేపక తప్పదనుకున్న పెద్దలకు ఒక మనవి. లేపకముందొకసారి, లేపాక ఒకసారి అలైన్‌మెంట్ కాగితం తీయించి రెండూ దాచుకోండి. ఆ రెండో కాగితం చూడకుండా ఆర్మ్ కొనమనేవాడి మాటా వినకండి, అక్కర్లేదనేవాడి మాటా వినకండి. ఆర్మ్ బిగించే రోజున చివరి బిగింపు వేళకు మాత్రం టీకి వెళ్ళొద్దు. చక్రాలు నేల మీదున్నాయో లేదో దగ్గరుండి చూసి, ఇంపాక్ట్ గన్ పక్కన పెట్టించి, టార్క్ రెంచి తీయించండి.