ఊరి పేరు కనబడని దారి

మా రోజుల్లో కెనడా ప్రెయిరీ మైదానాల దారిన పోతుంటే ఊరికంటే ముందు ఊరి పేరు ఎదురొచ్చేది. అంతా బల్లపరుపు నేల, దాని అంచున నిటారుగా ఒక చిన్న పెట్టె. పది నిమిషాలు పోయేసరికి అదే పెరిగి పెరిగి గాలిగోపురమంత అయ్యేది. దాని గోడ మీద మనిషెత్తు అక్షరాలతో ఊరి పేరు. మేం తెనాలి వైపు పెరిగినవాళ్ళం, గోపురాన్ని చూసి ఊరిని పోల్చుకోవడం మాకు చిన్నప్పటి అలవాటు. పక్క సీట్లో కూర్చుని మా ఆవిడ ప్రతి పేరూ పైకి చదివేది. కొత్తగా కెనడా వచ్చిన రోజులు. ఆ పేర్లు కూడబలుక్కుని చదువుతూనే ఆవిడ ఈ దేశాన్ని నేర్చుకుంది.

ఎలివేటర్ అనేవాళ్ళు దాన్ని. లిఫ్టు కాదు. రైలు పట్టాల పక్కన చెక్కతో కట్టిన డెబ్భై, ఎనభై అడుగుల ధాన్యం కొట్టు. రైతు ట్రక్కు తెచ్చి కింద గోతిలో గోధుమలు గుమ్మరిస్తే, బకెట్లు బిగించిన బెల్టు వాటిని పైకి మోసుకెళ్ళి అరల్లో పోస్తుంది. రైలు పెట్టె వచ్చాక గొట్టం తెరిస్తే గింజ తన బరువుకి తానే జారి అందులో పడుతుంది. ఇవి ఎనిమిది, పది మైళ్ళకొకటి ఉండేవి. గుర్రపు బండిలో ధాన్యం తోలుకొచ్చిన రైతు పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలని లెక్క కట్టి వేసిన దూరమది. ఎలివేటర్ ఉన్నచోట స్టేషను, స్టేషను ఉన్నచోట దుకాణం, బడి, చర్చి, కాఫీ హోటలు. 1930లలో పశ్చిమ కెనడాలో అలాంటివి 5,500కు పైగా నిలబడి ఉండేవి. ఇప్పుడు మిగిలినవి కొన్ని వందలే.

ఈ జులైలో ముప్ఫై అడుగుల మోటార్‌హోం అద్దెకు తీసుకుని విన్నిపెగ్ నుంచి బయల్దేరాం. మోకాళ్ళు అరిగిన వయసులో బండిలోనే మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది ఉండటం ఎంత సుఖమో నాకు తెలుసు. దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ సుఖం మనుషుల్ని ఏం చేసిందన్న దానితోనే.

1978లో మాకు బోలర్ ఉండేది. పదమూడు అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రెయిలర్, చూడటానికి కోడిగుడ్డులా ఉంటుంది. విన్నిపెగ్‌లోనే 1968లో పుట్టిన బండి, బౌలర్ టోపీలా ఉందని ఆ పేరు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. అందుకని వంట బయటే, భోజనం బయటే. ఏ చిన్న ఊరికి పోయినా చెట్ల కింద ఊరివాళ్ళ క్యాంపు స్థలం ఒకటి ఉండేది. బోరింగు పక్కన రేకు డబ్బా, అందులో కవరు, కవర్లో రెండు డాలర్లు. అడిగేవాడు లేడు, ఎగ్గొట్టేవాడూ లేడు. ఆవిడ పోపు వేసిందంటే ఆ వాసనకి పక్క గుడారంలోవాళ్ళు లేచి వచ్చేవాళ్ళు. ఏమిటది, ఎలా చేస్తారు, ఏ దేశం మీది? మాట మాట కలిసి చీకటి పడేది. అప్పట్లో కందిపప్పు మాకు దొరికేది కాదు, సూపర్‌మార్కెట్‌లో పసుప్పచ్చ బఠాణీ పప్పు కొని దాంతోనే పప్పు చేసేది. వాళ్ళు అదే గిన్నె ఊడ్చి తినేవాళ్ళు.

ఇప్పుడు చోటు కావాలంటే నెలల ముందు కంప్యూటర్ ముందు కూర్చుని బుక్ చేసుకోవాలి. సాయంత్రానికి బళ్ళు వచ్చి వరసగా ఆగుతాయి. కరెంటు తీగ, నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం తగిలిస్తారు. మీట నొక్కితే గోడ పక్కకి జరిగి గది పెద్దదవుతుంది. తలుపు పడుతుంది. ఆ తలుపు మళ్ళీ తెల్లారాకే తెరుచుకుంటుంది. మొన్న మూడు రాత్రులు ఒకే చోట ఉన్నాం. పక్క బండిలో ఉన్నది ఒకరో నలుగురో తెలియలేదు, కిటికీలో టీవీ వెలుగు తప్ప. ప్రెయిరీ ఆకాశం కింద, పాలపుంత నేలదాకా దిగివచ్చే చోట, తలుపులేసుకుని టీవీ చూడటం నాకు మింగుడుపడలేదు.

దారి అడగనక్కర్లేదు, ఫోనే చెబుతుంది. తిండికి ఆగనక్కర్లేదు, ఫ్రిజ్ ఉంది. బండిలో అన్నీ ఉన్నాయి కాబట్టి దారిలో ఎవరి అవసరమూ లేదు. అవసరం లేనిచోట పలకరింపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆగుదామన్నా ఊళ్ళేవి? 1897లో మొదలైన క్రో రేటు అనే రాయితీ ధర రైలు మీద ధాన్యం రవాణాని చవగ్గా ఉంచింది. 1980లలో అది సడలింది, 1995లో సబ్సిడీ పూర్తిగా పోయింది. రైలు కంపెనీలు గిట్టుబాటు కాదని చిన్న లైన్లు పీకేశాయి. పెద్ద లైన్ల మీద కాంక్రీటు టెర్మినళ్ళు లేచాయి, ఒక్కొక్కటి వంద పెట్టెల రైలుని నింపగలది. చెక్క ఎలివేటర్లని కూల్చారు, కొన్నిటిని తగలబెట్టారు. సస్కాచెవాన్‌లో పల్లెల్ని కలుపుతూ 1946 నుంచి తిరిగిన ప్రభుత్వ బస్సుల్ని 2017లో ఆపేశారు. కారు నడపలేని ముసలివాళ్ళు డాక్టరు దగ్గరికి ఎలా వెళ్తారని ఆలోచించినవాళ్ళు ఎంతమందో. ఖర్చుల లెక్కలు సరిపోయి ఉంటాయి. కానీ మనుషులున్న ఊళ్ళు పోయాయి.

ఒక్కటి మాత్రం మా రోజులకంటే ఇప్పుడే బాగుంది, చెప్పకపోతే తప్పు. గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్క్‌లో బైసన్‌లని చూశాం. ఒకప్పుడు ఇక్కడ తుడిచిపెట్టుకుపోయిన జంతువు. 2005 చివర్లో ఆల్బర్టాలోని ఎల్క్ ఐలాండ్ నుంచి డెబ్భై ఒక్కదాన్ని తెచ్చి వదిలారు. దున్నని గడ్డి నేల మీద అవి మేస్తుంటే మేమిద్దరం గంటసేపు మాట్లాడుకోలేదు.

అక్కణ్ణుంచి వెనక్కొస్తూ, స్విఫ్ట్ కరెంట్‌కి దక్షిణాన ఒక ఊరి కోసం వెతికాం. 1979లో అక్కడే మా కారు ఫ్యాన్ బెల్టు తెగింది. ఎలివేటర్ చూసుకునే ఆయన మమ్మల్ని ఆఫీసులో కూర్చోబెట్టి, ఎక్కడెక్కడికో ఫోన్లు చేసి బెల్టు తెప్పించాడు. అది రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాళ్ళింట్లోనే ఉన్నాం. ఆయన భార్య సాస్కటూన్ బెర్రీ పళ్ళతో ‘పై’ చేసి పెట్టింది. మా ఆవిడ తన పసుపు డబ్బా ఆమెకిచ్చి వచ్చింది.

రెండుసార్లు దాటిపోయి మూడోసారి కనుక్కున్నాం. ఎలివేటర్ లేదు. కాంక్రీటు పునాది ఉంది, పగుళ్ళలో గడ్డి. పట్టాలు లేవు, కట్ట మాత్రం ఉంది. కిటికీలకి చెక్కలు కొట్టిన హాలు ఒకటి. ఆవిడ బండి దిగి తలెత్తి చూసింది, చదవడానికి పైన ఏమీ లేదు. పునాది చుట్టూ మైసూరు పప్పు చేను, కాయ పట్టి ఉంది. ఆ పంటకి ఇప్పుడు సస్కాచెవాన్ పేరుమోసింది, మన దేశానికి ఓడల మీద వెళ్తుంది. అప్పట్లో గుప్పెడు పప్పు కోసం మొహం వాచాం. ఇప్పుడు పప్పు ఉంది, ఊరు లేదు.

ఆ పునాది పక్కనే బండి ఆపి పొయ్యి బయట పెట్టమంది. మైసూరు పప్పు ఉడికించి, ఇంగువతో పోపు వేసింది. దుమ్ము లేపుకుంటూ ఒక పికప్ వచ్చి ఆగింది. డెబ్భై ఏళ్ళు పైబడిన రైతు.

“బండి చెడిపోయిందా?”

లేదన్నాం. మా ఆవిడ ఎలివేటర్ ఆయన గురించి అడిగింది. పోయి చాలా ఏళ్ళయిందట, ఆయన భార్య కూడా. ఇద్దరూ ఆ మిట్ట మీది శ్మశానంలోనే ఉన్నారని చేత్తో చూపించాడు. గిన్నె వైపు చూసి, అదేమిటన్నాడు.

“మీ చేలోదే,” అని చేను చూపించింది ఆవిడ.

ఇరవై ఏళ్ళుగా పండిస్తున్నాడట, ఇలా వండుకోవడం ఎప్పుడూ చూళ్ళేదట. నిలబడే తిన్నాడు. అన్నంలో ఇంకాస్త కలపనా అని ఆవిడ అడిగేలోపే గిన్నె చాచాడు.